20 శాతం తగ్గిందట... దేంట్లో 20?

#1 · అంకెలపిచ్చి

నిన్న ఒక్క పూటలో మా బంధువుల గ్రూపులోకి మూడు "తాజా పరిశోధన" ఫార్వర్డులు వచ్చిపడ్డాయి. బరువు తగ్గించే సూది గుండెపోటుని 20 శాతం తగ్గిస్తుందని ఒకటి. మనిషి మెదడులో చెంచాడు ప్లాస్టిక్ ఉందని ఇంకోటి. వేరే గ్రహం మీద జీవం జాడ దొరికిందని మూడోది. మూడింటికీ మా పిన్ని "తెలిసినవాళ్లందరికీ పంపండి" అని తోక తగిలించింది.

మూడూ అబద్ధాలైతే పేచీయే లేదు. మూడింటి వెనకా నిజం పేపర్లున్నాయి. చిక్కు అక్కడే.

మొదటిదాన్ని నేను తవ్వాను. దాని పేరు సెలెక్ట్ ట్రయల్, 2023 నవంబరులో అచ్చయింది. 17,604 మంది. అందరూ 45 దాటినవాళ్లు, బరువు ఎక్కువున్నవాళ్లు, అప్పటికే గుండెకో రక్తనాళాలకో జబ్బు చేసినవాళ్లు. షుగరు మాత్రం లేదు. సగం మందికి వారానికోసారి 2.4 మి.గ్రా. సెమాగ్లూటైడ్, మిగతా సగానికి ఉత్తుత్తి సూది. సగటున మూడేళ్ల పైచిలుకు గమనించారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో చావు - ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉత్తుత్తి సూది వాళ్లలో 8 శాతం మందికి వచ్చింది, మందు సూది వాళ్లలో 6.5 శాతం మందికి. తేడా 1.5 శాతం పాయింట్లు. ఎనిమిదిలో ఒకటిన్నర పోయిందంటే సుమారు అయిదో వంతు. హెడ్డింగులో 20 అదన్నమాట.

ఇంకోలా చెప్తే, 67 మంది మూడేళ్లకు పైగా వారం వారం పొడిపించుకుంటే ఒకరికి ముప్పు తప్పింది. నన్నడిగితే ఇది చిన్నదేం కాదు. వాళ్లలో చాలామంది కొలెస్టరాల్ మాత్రల్లాంటివి అప్పటికే మింగుతున్నారు, వాటి మీద అదనంగా వచ్చిన లాభం ఇది. కానీ దుష్ఫలితాలు పడక మానేసినవాళ్లు మందు గుంపులో 16.6 శాతం, రెండో గుంపులో 8.2. ఈ ముక్క ఫార్వర్డులో లేదు. షుగరూ గుండెజబ్బూ రెండూ లేని మా పిన్నికి ఈ లెక్క వర్తించదన్న ముక్క అసలే లేదు.

అందుకని ఈ థ్రెడ్. ఈ మధ్య మీరు చదివిన పరిశోధన ఏదైనా వేయండి. ఎవరి మీద చేశారు, ఏం కొలిచారు, అసలు తేడా ఎంత, ఇవి చెప్పాలి. హెడ్డింగు చదివొచ్చి వేస్తే ఊరుకోను.

[సవరణ: "1.5 శాతం" అని రాసినదాన్ని "1.5 శాతం పాయింట్లు" అని మార్చాను. కారణం చివర్లో ఉంది.]

#2 · గుణింతం

నా పేరుకి తగ్గది నేను వేస్తా.

2024 అక్టోబరులో నల్ల ప్లాస్టిక్ గరిటెల పేపరొకటి వచ్చింది. పాత టీవీలు, కంప్యూటర్ల డబ్బాలు అంటుకోకుండా కలిపే రసాయనాలు ఉంటాయి కదా, ఆ డబ్బాల్ని కరిగించి మళ్లీ సామాన్లు చేసేటప్పుడు అవి వంటింటి గరిటెల్లోకి చేరుతున్నాయని. అంతవరకూ నిజమే. ఆ గరిటెలు వాడితే ఒంట్లోకి రోజుకి 34,700 నానోగ్రాములు పోతుందని అంచనా కట్టారు. ప్రమాదం లేదనుకునే హద్దు కిలో బరువుకి 7,000. మరి 60 కిలోల మనిషికి?

పేపర్లో వేసింది 42,000. అంటే హద్దులో ఎనభై శాతం దాటేశాం! ఇంకేముంది, జనం గరిటెలు చెత్తబుట్టలో పడేశారు.

60 × 7,000 వేసి చూసుకోండి. 4,20,000. ఒక్క సున్నా జారిపోయింది. ఎనభై కాదు, ఎనిమిది. డిసెంబరులో సవరణ వేశారు, "దీనివల్ల మా ముగింపు మారదు" అన్న మాటతో సహా. రాసినవాళ్లు, సమీక్షించినవాళ్లు, అచ్చేసినవాళ్లు... ఇంతమంది కళ్లు కప్పి ఎక్కం తప్పిపోయింది.

#3 · కోడుకూలీ

😂 సున్నా విలువ కనిపెట్టింది మనవాళ్లేగా, పోగొట్టింది మాత్రం మనం కాదు.

#4 · శ్రావణమేఘం

ఈ రెండేళ్లలో చదివినవాటిల్లో నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది వేల్స్ టీకా పేపరు. ఏప్రిల్ 2025, నేచర్ పత్రిక.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల ముడుల్లో నక్కి ఉంటుంది. పెద్దవయసులో ఒంటికి కాపుదల తగ్గగానే నడుం మీదో ముఖం మీదో ఒకవైపే పట్టీలాగా పొక్కులు లేపుతుంది, నిప్పు పెట్టినట్టు మంట. అదే సర్పి. దానికి టీకా ఉంది. ఆ టీకా వేసుకున్నవాళ్లలో ఏడేళ్లలో కొత్తగా డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) తేలినవాళ్లు 20 శాతం తక్కువ. అంకెలపిచ్చి గారు కర్ర పట్టుకొచ్చే లోపే చెప్తున్నా, అసలు తేడా 3.5 శాతం పాయింట్లు.

#5 · సందేహాలరావు

ఇలాంటివి బోలెడు చూశాం. టీకాలు వెతుక్కుని వేయించుకునేవాళ్లు ఎవరు? చదువుకున్నవాళ్లు, నడకకెళ్లేవాళ్లు, బీపీ చూపించుకునేవాళ్లు. వాళ్లకి మతిమరుపు తక్కువ రావడంలో వింతేముంది? టీకా గొప్పా, మనిషి గొప్పా?

#6 · శ్రావణమేఘం

రావు గారూ, సరిగ్గా ఆ ప్రశ్నకి జవాబు దొరికిందనే ఆ పేపరు అంత గొప్పదైంది. ఎలాగో కాస్త ఓపిగ్గా చెప్పనివ్వండి.

వేల్స్‌లో ఈ టీకా కార్యక్రమం 2013 సెప్టెంబరు 1న మొదలైంది. టీకా మందు సరిపడా లేక ఓ రూలు పెట్టారు. 1933 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి కనీసం ఒక ఏడాదిపాటు అర్హత ఉంటుంది. అంతకంటే ముందు పుట్టి అప్పటికే 80 నిండినవాళ్లకి ఇక ఎప్పటికీ లేదు. 

ఇప్పుడు ఇద్దరు ముసలమ్మల్ని ఊహించుకోండి. ఒకావిడ 1933 ఆగస్టు చివర్లో పుట్టింది, ఇంకొకావిడ సెప్టెంబరు మొదట్లో. వారం తేడా. చదువు, తిండి, నడక, డాక్టరు దగ్గరికి వెళ్లే అలవాటు, వీటిల్లో ఆ వారానికి ఈ వారానికి సగటున తేడా ఏముంటుంది? ఏమీ ఉండదు. కానీ టీకా వేసుకున్నవాళ్లు ఆ తేదీ గీతకి అటువైపు 0.01 శాతం, ఇటువైపు 47.2 శాతం. చీటీలు వేసి రెండు గుంపులు చేసినట్టే. ఆ చీటీ వేసింది పరిశోధకులు కాదు, ప్రభుత్వం రాసుకున్న ఓ తేదీ.

వాళ్లు పోల్చింది "వేసుకున్నవాళ్లనీ వేసుకోనివాళ్లనీ" కాదు. గీతకి అటు పుట్టినవాళ్లనీ ఇటు పుట్టినవాళ్లనీ. అక్కణ్ణించి టీకా వాటా ఎంతో వెనక్కి లెక్కగట్టారు. పైగా ఆ గీత దగ్గర వేరే జబ్బులేవైనా తగ్గాయా, వేరే టీకాలేవైనా పెరిగాయా అని కూడా వెతికారు. అలాంటిదేం లేదు. సర్పి తగ్గింది, డిమెన్షియా తగ్గింది, అంతే.

#7 · సందేహాలరావు

ఇది బాగుంది. ఒప్పుకుంటున్నా. కానీ 3.5 కి అటూ ఇటూ ఎంత?

#8 · శ్రావణమేఘం

దొరికిపోయా 🙂 0.6 నుంచి 7.1 దాకా. వెడల్పే. శాతాల్లో చెప్తే 20 అన్నది 6.5 కావచ్చు, 33.4 కావచ్చు. లాభం ఆడవాళ్లలో ఎక్కువ కనబడింది, ఎందుకో తేలలేదు. ఇంకోటి, అది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన పాత టీకా. ఇప్పుడు చాలాచోట్ల ఇస్తున్నది వేరే రకం. పాతదాని లెక్క కొత్తదానికి అతికించడానికి లేదు.

#9 · వెన్నెలవాకిలి

నేనెప్పుడూ చదవడమే గానీ రాయను. డిమెన్షియా మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా నాన్నకి అల్జీమర్స్ మొదటి దశ అన్నారు. లెకానమాబ్ అనే మందు "జబ్బుని 27 శాతం నెమ్మదింపజేస్తుంది" అని చదివాను. 27 అంటే నాకు కొండంత అనిపించింది. ఇక్కడి పోస్టులు చూశాక భయమేస్తోంది. దేంట్లో 27?

#10 · అంకెలపిచ్చి

వాకిలి గారూ, దాచకుండా చెప్తాను.

ఆ ట్రయల్లో 1,795 మంది, ఏడాదిన్నర. కొలిచింది ఒక స్కోరు. జ్ఞాపకం, తేదీ-చోటు తెలియడం, ఆలోచించి నిర్ణయించుకోవడం, బయటి పనులు, ఇంటి పనులు-సరదాలు, తన ఒంటి పనులు తాను చేసుకోవడం - ఆరు విషయాలు. ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 18. పెరిగేకొద్దీ జబ్బు ముదిరినట్టు. రోగినీ, దగ్గరుండి చూసుకునే మనిషినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగి వేస్తారు.

ఏడాదిన్నరలో ఉత్తుత్తి మందు వాళ్ల స్కోరు 1.66 పెరిగింది. మందు వాళ్లది 1.21. తేడా 0.45. ఆ 0.45 ని 1.66 తో భాగిస్తే మీ 27 వస్తుంది. అంటే రెండు గుంపులూ కిందికే దిగాయి, ఒకరు కాస్త మెల్లగా. ఎవరికీ పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. మెదడులో వాపు స్కానులో కనబడింది మందు వాళ్లలో 12.6 శాతం మందికి, అవతలివాళ్లలో 1.7. చాలామందికి లక్షణాలేం లేకుండానే తగ్గింది, కొందరికి ప్రమాదమైంది. అందుకే ఈ మందు ఇస్తే మధ్యమధ్యలో స్కానులు తప్పనిసరి.

18 లో 0.45 ఇంటివాళ్లకి తెలిసేంత తేడాయేనా అన్నదాని మీద న్యూరాలజిస్టుల్లోనే రెండు వర్గాలున్నాయి. మీ నాన్నగారికి పనికొస్తుందో లేదో చెప్పగలిగేది ఆయన స్కానులు చూసిన డాక్టరే.

#11 · వెన్నెలవాకిలి

విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారన్నారు కదా. మొన్న నన్నూ అలాగే అడిగారు. "ఆయన డబ్బు లెక్క చూసుకోగలరా" అంటే అవునని చెప్పాను. బయటికొచ్చాక గుర్తొచ్చింది, ఆర్నెల్లుగా ఆ లెక్క నేనే చూస్తున్నానని. ఆయన చూస్తున్నట్టే ఉండేది నాకు. 

ఆ స్కోర్లలో నాలాంటివాళ్ల "అవును"లు ఎన్నున్నాయో అనిపించింది. నెనర్లు అండీ.

#12 · శ్రావణమేఘం

వాకిలి గారూ, మీ పోస్టు ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా విలువైనది. ట్రయల్లో చీటీలు వేసేది అందుకే. అలాంటి "అవును"లు రెండువైపులా ఒకేలా పడతాయని.

#13 · జన్యుగోల

లిథియం సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2025 ఆగస్టు, నేచర్! అల్జీమర్స్ ఉన్న మెదళ్లలో లిథియం తక్కువ ఉందట. లిథియం ఓరొటేట్ ఇస్తే జ్ఞాపకశక్తి తిరిగొచ్చిందట!! ఆన్‌లైన్‌లో మాత్రలు కూడా దొరుకుతున్నాయి.

#14 · సందేహాలరావు

తిరిగొచ్చింది ఎలకలకి. ఆ ఒక్క మాట మింగేశారు తమరు.

#15 · అంకెలపిచ్చి

అవును గోలా, జ్ఞాపకం మాట ఎలకలది. చనిపోయిన మనుషుల మెదళ్లలో లిథియం కొలిచిన భాగం గట్టిదే, ఆసక్తికరమే. కానీ అల్జీమర్స్ ఎలకల్లో నయమై మనుషుల్లో బోల్తాపడిన మందుల జాబితా చాంతాడంత ఉంది. లిథియం మోతాదు మించితే మూత్రపిండాలకీ థైరాయిడ్‌కీ దెబ్బ. ఎవరూ సొంతంగా కొని మింగకండి, ముఖ్యంగా పెద్దవాళ్లకి పెట్టకండి.

#16 · చుక్కలరేడు

ఫార్వర్డు నంబరు మూడు నా వాటా. కే2-18బి.

124 కాంతి సంవత్సరాల దూరం. కేంబ్రిడ్జిలో నిక్కు మధుసూదన్ బృందం 2025 ఏప్రిల్లో ప్రకటించింది. ఆ గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు నక్షత్రం వెలుగులో ఓ పిసరు గ్రహం గాలిలోంచి దూరి వస్తుంది. ఏ వాయువుంటే ఆ వాయువు తనకి ఇష్టమైన రంగుల్ని మింగేస్తుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు పట్టిన ఆ వెలుగులో డైమిథైల్ సల్ఫైడ్ గానీ దాని తోబుట్టువు గానీ మింగినట్టు గుర్తు కనబడిందన్నారు. భూమ్మీద దాన్ని తయారుచేసేది ముఖ్యంగా సముద్రంలోని నాచులాంటి సూక్ష్మజీవులు. దాంతో "జీవం!" అని తాటికాయంత అక్షరాలు.

పేపర్లో ఉన్నది 3 సిగ్మా (గుర్తు ఎంత గట్టిదో చెప్పే కొలత). ఈ రంగంలో కనుక్కున్నాం అని చెప్పుకోవాలంటే 5 కావాలి.

#17 · కోడుకూలీ

3 సిగ్మా అంటే 99.7 శాతం కదా అన్నా? 99.7 శాతం జీవం ఉన్నట్టేగా?

#18 · చుక్కలరేడు

కాదు తమ్ముడూ. అందరూ జారే చోటు ఇదే. ఆ మిగిలిన 0.3 శాతం "జీవం లేకపోవడానికి" ఉన్న అవకాశం కాదు. అసలు ఆ వాయువు లేకపోయినా, కేవలం గుసగుసల్లాంటి అలజడి వల్ల ఇంత గుర్తు పడటానికి ఉన్న అవకాశం. గుర్తు నిజమేనా అన్నది మొదటి మెట్టు. అది ఆ వాయువుదేనా అన్నది రెండోది. ఆ వాయువుని చేసింది ప్రాణేనా అన్నది మూడోది. 99.7 మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. 

మొదటి మెట్టు మీదే గొడవ నడుస్తోంది. అదే డేటా తీసుకుని వేరే పద్ధతిలో చూసినవాళ్లకి సాదా గీతే చాలనిపించింది, అంటే ఏ వాయువూ మింగిన గుర్తు లేదని. ఇంకో బృందం వాయువుల జాబితా పెంచి చూస్తే జీవంతో పని లేని వాయువులూ అంతే చక్కగా సరిపోయాయి. జాబితాలో లేని దొంగని పోలీసులు గుర్తుపట్టలేరు కదా. ఇక మూడో మెట్టంటారా, రోసెట్టా నౌక వెంటాడిన 67పి తోకచుక్క మీద ఇదే డైమిథైల్ సల్ఫైడ్ కనబడింది. అక్కడ నాచు పెరగదు.

మధుసూదన్ కూడా "దొరికేసింది" అనలేదు, ఇంకా చూడాలనే అన్నారు. ఆ మాట హెడ్డింగు దాకా చేరలేదంతే.

నిజంగా ఒళ్లు జలదరించాలంటే బెన్నూ మట్టి గురించి చదవండి. 2023 సెప్టెంబరు 24న ఆ గ్రహశకలం నుంచి 121.6 గ్రాములు భూమికి చేరింది. గుప్పెడు. భూమి గాలి తగలకుండా నైట్రోజన్‌లో పెట్టి పరీక్షించారు. 2025 జనవరిలో వచ్చిన ఫలితం: మన ప్రొటీన్లు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ-ఆర్ఎన్ఏల అక్షరాలు అయిదుకి అయిదూ! ఇక్కడ సిగ్మాల పేచీ లేదు, వస్తువు చేతిలో ఉంది. అయినా అది జీవం కాదు, ముడిసరుకు. పైగా ఓ విడ్డూరం. అమైనో ఆమ్లాలకి మన చేతుల్లాగా ఎడమ, కుడి రూపాలుంటాయి. భూమ్మీద ప్రాణులన్నీ ప్రొటీన్లకి ఎడమవే వాడతాయి. ఉల్కల్లో ఎడమ కాస్త ఎక్కువ కనబడుతుంది కాబట్టి ఆ మొగ్గు అంతరిక్షం నుంచే వచ్చిందనుకునేవాళ్లు. బెన్నూలో సగం సగం ఉన్నాయి. పాత ఊహ అటకెక్కేలా ఉంది.

#19 · గుణింతం

మరి ఫార్వర్డు నంబరు రెండు? చెంచాడు ప్లాస్టిక్?

#20 · జన్యుగోల

అది నాకు తెలుసు, ఈసారి పేపరు చదివే వచ్చా 😤

2025 ఫిబ్రవరి, నేచర్ మెడిసిన్, న్యూమెక్సికో విశ్వవిద్యాలయం వాళ్లది. చనిపోయినవాళ్ల మెదడు ముక్కల్లో గ్రాముకి దాదాపు 5 మిల్లీగ్రాముల ప్లాస్టిక్ దొరికిందన్నారు. 1,400 గ్రాముల మెదడుకి అదే లెక్క వేస్తే 7 గ్రాములు. చెంచా అక్కణ్ణించి వచ్చింది. 2016 నాటి ముక్కలకన్నా 2024 వాటిలో ఎక్కువ ఉంది. 

ఎలా కొలిచారంటే, కణజాలాన్ని క్షారంలో కరిగించి, గిర్రున తిప్పి అడుగున మిగిలినదాన్ని గాలి తగలకుండా బాగా వేడిచేసి, విరిగిన ముక్కల తూకం పట్టారు. అక్కడే చిక్కు. పాలిథీన్ అంటే పొడవాటి కార్బన్ గొలుసు. కొవ్వూ అంతే. రెండూ విరిగితే ఒకేలాంటి ముక్కలు వస్తాయి. మెదడులో నీళ్లు తీసేస్తే సగానికి పైగా కొవ్వే. కాబట్టి ఆ 5 మిల్లీగ్రాముల్లో ప్లాస్టిక్ ఎంత, కరగకుండా మిగిలిన కొవ్వెంత అని రసాయన శాస్త్రవేత్తలు నిలదీస్తున్నారు.

#21 · సందేహాలరావు

గోల గారూ, ఇప్పుడు మీరు మాట్లాడింది గోల కాదు. భేష్.

నాకైతే "ప్లాస్టిక్ లేదు" అన్నంత ధీమా కూడా లేదు. ఉందనే అనుకుంటా. చెంచాడు అన్న తూకమే నమ్మబుద్ధి కావడంలేదు.

#22 · కోడుకూలీ

నా రంగంది ఒకటి. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మెటర్ అనే సంస్థ 2025 జులైలో బయటపెట్టింది. తాము ఏళ్ల తరబడి పనిచేస్తున్న ప్రాజెక్టుల మీద 16 మంది ఆరితేరిన ప్రోగ్రామర్లు, 246 పనులు. ఒక్కో పనికీ చీటీ తీసినట్టు, ఇది ఏఐ సాయంతో చేయి, ఇది లేకుండా చేయి అని పంచారు. మొదలెట్టే ముందు ఎంత కలిసొస్తుందని అడిగితే 24 శాతం సమయం మిగులుతుందన్నారు. అంతా అయ్యాక అడిగితే 20 శాతం మిగిలిందన్నారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ పట్టింది!

నెమ్మదైతే అయ్యారు, అది కాదు నన్ను పట్టుకున్నది. అయిపోయాక కూడా వాళ్లకి తెలియలేదు. నేను ఒక వారం ఫోనులో టైమర్ పెట్టుకుని చూశా. ఓ చిన్న బగ్గు, పావుగంటలో అయిందని ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. టైమర్లో 41 నిమిషాలు. అందులో సగం, అది రాసిచ్చినదాన్ని చదివి "ఇది ఎందుకిలా రాసింది" అని తల గోక్కోవడమే. కూర్చుని చూస్తున్న టైము పని చేసినట్టు అనిపించదు కాబట్టి లెక్కలోకి రాదు.

#23 · గుణింతం

16 మందే కదా. పైగా తమ చేతి గీతల్లా తెలిసిన కోడు మీద. కొత్తవాళ్లకి, కొత్త ప్రాజెక్టుకి తిరగబడొచ్చు.

#24 · కోడుకూలీ

తిరగబడొచ్చు, అప్పటి పనిముట్లు వేరు, ఇప్పటివి వేరు. వాళ్లే రాశారు ఆ సంగతి. నా పాయింటు టైమర్ గురించి.

#25 · నడకమాస్టారు

ఆలస్యంగా వచ్చాను. నేను ఫిజియోథెరపీ చేస్తాను, నా ముచ్చట నడక గురించే.

ఛాలెంజ్ ట్రయల్. 2025 జూన్. పెద్దపేగు కేన్సరుకి ఆపరేషన్ అయి, కీమో అయినవాళ్లు 889 మంది. చీటీ వేసి సగం మందికి ఆరోగ్య సలహాల పుస్తకం ఇచ్చారు. సగం మందికి పుస్తకంతో పాటు మూడేళ్లు వెంటబడే శిక్షకుణ్ణి ఇచ్చారు. పరుగులు పెట్టించలేదు. వారానికి మూడు నాలుగు సార్లు, ముప్పావుగంట నుంచి గంట చురుగ్గా నడిచినంత పని అదనంగా చేయాలి. ఈతో, సైకిలో, వాళ్ల ఇష్టం. 

అయిదేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు వ్యాయామం గుంపులో 80.3 శాతం, పుస్తకం గుంపులో 73.9. ఎనిమిదేళ్లకి బతికున్నవాళ్లు 90.3, 83.2. ఇది మందయితే ఈపాటికి టీవీలో ప్రకటనలు వచ్చేవి.

వెనక ఉన్న కష్టం చూడండి. 2009లో మనుషుల్ని చేర్చుకోవడం మొదలెడితే పదేళ్లకు పైగా పట్టింది, 55 కేంద్రాలు. దుష్ఫలితాలూ లేకపోలేదు. కండరాలు, కీళ్ల నొప్పులు 18.5 శాతం మందికి, అవతల 11.5. నా దగ్గరికొచ్చేవాళ్లతో చెప్తుంటా, ఆ నొప్పులకి నేనున్నానని.

నా అనుభవంలో "నడవండి" అని చీటీ మీద రాసిస్తే నడిచేవాళ్లు పదిమందిలో ఇద్దరు. మూడోవారం ఫోన్ చేసి "నిన్న వెళ్లారా" అని అడిగితే ఆరుగురు. ఇది నా అంచనా, పరిశోధన కాదు. ఆ ట్రయల్లో పనిచేసింది నడకో, ఆ ఫోనో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

#26 · శ్రావణమేఘం

మాస్టారూ, ఆ ఫోను లేకపోతే ఆ నడకా లేదు. రెండూ కలిపే మందు అనుకోవాలేమో.

#27 · జన్యుగోల

పెద్ద గుంపుల గురించే మాట్లాడుతున్నారు. ఒకే ఒక్కడి మీద చేసిన పరిశోధన చెప్పనా? కేజే అనే పసివాడు. 2025 మే.

ఒంట్లో ప్రొటీన్ అరిగితే అమ్మోనియా పుడుతుంది, కాలేయం దాన్ని యూరియాగా మార్చి బయటికి పంపుతుంది. ఆ పని చేసే సీపీఎస్1 అనే ఎంజైమ్ జన్యువు వాడిలో చెడిపోయి పుట్టింది. అమ్మోనియా మెదడుకి విషం. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో రెబెకా ఆరెన్స్-నిక్లస్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కిరణ్ ముసునూరు బృందాలు కలిసి వాడి ఒక్కడి అక్షరదోషం దిద్దడానికే మందు తయారుచేశాయి. 300 కోట్ల అక్షరాల్లో ఒక్కటి! ఆర్నెల్లలో తయారైంది. కొవ్వు బుడగల్లో చుట్టి రక్తంలోకి ఎక్కిస్తే కాలేయానికి చేరి అక్షరం మార్చింది. ఇంకో మనిషికి ఆ మందు పనికిరాదు.

#28 · సందేహాలరావు

నయమైందా?

#29 · జన్యుగోల

ఆ మాట డాక్టర్లు అనలేదు, నేనూ అనను (నేర్చుకున్నా). ప్రొటీన్ ఎక్కువ తినగలుగుతున్నాడు, అమ్మోనియా మందు మోతాదు సగానికి దించారు, జూన్లో ఇంటికెళ్లాడు. ఎన్ని కణాల్లో అక్షరం మారిందో తెలియాలంటే కాలేయం ముక్క కోసి చూడాలి, పసివాడికి అది ప్రమాదమని చేయలేదు. పోల్చడానికి ఇంకో గుంపు లేదు. అసలు ఇంకో మనిషే లేడు.

#30 · చుక్కలరేడు

ఉత్తుత్తి మందు గుంపు లేకుండా నమ్మొచ్చా అంటే, నాకు ఇక్కడ నమ్మాలనే ఉంది. దానంతటదే తగ్గే జబ్బు కాదు కాబట్టి.

#31 · సందేహాలరావు

నడకమాస్టారు గారి అంకెల దగ్గర ఆగిపోయాను. నిద్ర పట్టక లెక్కేశా. ఎనిమిదేళ్లకి చనిపోయినవాళ్లు పుస్తకం గుంపులో 100-83.2, అంటే 16.8. వ్యాయామం గుంపులో 9.7. 16.8 నుంచి 9.7 కి అంటే 42 శాతం తగ్గినట్టు. వార్తల్లో "మరణాలు 37 శాతం తగ్గాయి" అని ఉంది. ఎవరి ఎక్కం తప్పింది ఈసారి?

#32 · అంకెలపిచ్చి

ఎవరిదీ కాదు రావు గారూ. మీ 42 ఎనిమిదో ఏడు అనే ఒక్క గడప దగ్గర నిలబడి తీసిన ఫోటో. ఆ 37 మొత్తం కాలమంతా నడిచిన సినిమా: ప్రతి రోజూ, ఆ రోజుకి బతికున్నవాళ్లలో చనిపోయే వేగం ఈ గుంపులో ఎంత, ఆ గుంపులో ఎంత అని పోల్చి, అన్ని రోజులకీ కలిపి ఒక్క అంకె చేస్తారు. ఆ నిష్పత్తి 0.63 వచ్చింది. ఒకటిలోంచి తీసేస్తే 0.37. గీతలు రెండూ ఒకే తీరున విడిపోకపోతే ఫోటోకీ సినిమాకీ తేడా వస్తుంది. నా మొదటి పోస్టులోనూ అంతే. 8 లో 1.5 అంటే పక్కాగా 18.75, పేపర్లో 20.

#33 · గుణింతం

మొదటి పోస్టు అన్నారు కాబట్టి... 8 శాతం నుంచి 6.5 శాతానికి తగ్గితే తేడా "1.5 శాతం" అని రాశారు. 8 లో 1.5 శాతం అంటే 0.12 అండీ. అనాల్సింది శాతం పాయింట్లు. దేంట్లో 20 అని అందరినీ అడుగుతున్న థ్రెడ్‌లో, దేంట్లో 1.5?

#34 · అంకెలపిచ్చి

...

సవరించా.